అమ్మ గడప దాకా వచ్చిన నది: ఆదిశంకరులు, ఆర్యాంబ



శంకర జయంతికి మనం పెట్టిన వీడియోలో ఆదిశంకరుల యాత్రలన్నీ చెప్పుకున్నాం. కాశీ, బదరి, శృంగేరి, మన శ్రీశైలం, అన్నీ వచ్చాయి. కానీ ఆ స్క్రిప్టు రాసేటప్పుడు నేను ఒకచోట ఆగిపోయాను. రెండు రోజులు ముందుకు కదల్లేదు. వీడియోలో ఆ భాగానికి 2 నిమిషాలకి మించి చోటు దొరకలేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నేను ఆగిపోయింది శంకరుల వాదాల దగ్గరో, భాష్యాల దగ్గరో కాదండీ. వాళ్ళమ్మగారు ఆర్యాంబ దగ్గర. ఒక్కగానొక్క కొడుకు దేశం మీదకి వెళ్ళిపోతే, కాలడిలో ఆ ఇంట్లో ఒంటరిగా ఉండిపోయిన తల్లి దగ్గర.

ఎందుకు ఆగానో ముందే చెప్పేస్తాను. మా అమ్మకి 71 ఏళ్ళు. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. తెనాలిలో మా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను ఒక్కదాన్నే కూతుర్ని, హైదరాబాదులో ఉద్యోగం, సంసారం. సంక్రాంతికి వెళ్ళి వచ్చిన పది రోజులకి, తెల్లవారుజామున అమ్మ బాత్రూంలో జారి పడింది. మణికట్టు విరిగింది. ఫోను మంచం మీద ఉంది. ఎదురింటి పిన్నిగారు పాల ప్యాకెట్ ఇంకా గేటుకే వేలాడుతోందని చూసి లోపలికి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. దాదాపు గంటన్నర ఆ తడి నేల మీదే ఉంది.

ఆ గంటన్నర నన్ను నిద్రపోనివ్వలేదు. వెంటనే వెళ్ళి తీసుకొచ్చేశాను. 9వ అంతస్తులో మా ఫ్లాటు. ఇల్లు అద్దెకి ఇచ్చేద్దామని నిర్ణయించి, ఒకరి దగ్గర అడ్వాన్సు కూడా తీసుకున్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. రెండు నెలల్లో 4 కిలోలు తగ్గింది. పొద్దున్న మేం ఆఫీసులకి వెళ్తే సాయంత్రం దాకా మాట్లాడే మనిషి లేదు. లిఫ్టంటే భయం. బాల్కనీలో కుండీ తులసికి నీళ్ళు పోసి, అక్కడే కుర్చీలో కూర్చుండిపోయేది. మునుపు రోజూ గుడికి నడిచే మనిషి, హాల్లోంచి వంటింట్లోకి నడవడానికి కూడా గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు నేను శంకరుల కథ రాస్తున్నాను.

పూర్ణానది ఒడ్డున ఒక ఇల్లు

కేరళలో ఎర్నాకుళం జిల్లాలో కాలడి అనే ఊరుంది. కొచ్చి విమానాశ్రయానికి చాలా దగ్గర. ఊరి పక్కనే పెరియార్ నది. శంకరుల కథల్లో దాన్నే పూర్ణానది అంటారు. ఆ ఒడ్డున శివగురువు, ఆర్యాంబ అనే నంబూద్రి దంపతులు ఉండేవారు. చాలాకాలం పిల్లలు కలగలేదు. త్రిశూర్‌లోని వడక్కునాథ స్వామిని కొలిచారు. లేకలేక ఒక మగబిడ్డ పుట్టాడు. వైశాఖ శుద్ధ పంచమి. శంకరుడని పేరు పెట్టుకున్నారు.

ఆయన 8వ శతాబ్దం వారని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. ఇంకా చాలా ముందువారని కొన్ని సంప్రదాయాలు చెబుతాయి. ఆయన జీవితం మనకి తెలిసింది శంకర విజయాలు అనే గ్రంథాల ద్వారా. అందులో మాధవీయ శంకర విజయం బాగా ప్రసిద్ధి. ఆ కథల్లో, సంప్రదాయంలో ఉన్నదే మీకు చెబుతున్నాను.

బిడ్డకి మూడేళ్ళు దాటకముందే శివగురువు పోయారు. ఆర్యాంబ మిగిలింది, చేతుల్లో పసివాడు మిగిలాడు. ఆ రోజుల్లో భర్త పోయిన ఆడదాని పరిస్థితి ఎలా ఉండేదో మనకి తెలియంది కాదు. అయినా ఆవిడ వెనకాడలేదు. కొడుక్కి అయిదో ఏట ఉపనయనం చేయించి గురుకులానికి పంపింది.

ఆ చదువుకునే రోజుల్లోదే కనకధారా కథ. భిక్షకి వెళ్ళిన ఇంట్లో ఇల్లాలికి పెట్టడానికి ఏమీ లేదు. వెతికి వెతికి ఒక ఉసిరికాయ తెచ్చి పిల్లవాడి చేతిలో పెట్టింది. శంకరులు కరిగిపోయి లక్ష్మీదేవిని స్తుతిస్తే ఆ ఇంట బంగారు ఉసిరికాయలు కురిశాయంటారు. అందరం అక్కడ బంగారాన్ని చూస్తాం. నాకు మాత్రం, ఇంట్లో అమ్మ ఒక్కతే గుట్టుగా రోజులు నెట్టుకురావడం చూసిన పిల్లవాడు కాబట్టే, మరో ఇల్లాలి లేమి అంత త్వరగా తగిలిందేమో అనిపిస్తుంది.

ఏడెనిమిదేళ్ళకే వేదాలు, శాస్త్రాలు ముగించుకుని ఇంటికి వచ్చేశాడు. అమ్మ దగ్గరే ఉంటూ, ఆవిడకి సేవ చేసుకుంటూ, వచ్చినవాళ్ళకి పాఠాలు చెబుతూ గడిపాడు.

నదిని ఇంటికి పిలిచిన కొడుకు

నేను ఆగిపోయిన చోటు ఇదే.

ఆర్యాంబకి రోజూ పూర్ణానదిలో స్నానం చేయడం నియమం. నది అప్పట్లో ఇంటికి దూరం. వయసు పైబడింది, వ్రతాలతో ఒళ్ళు తగ్గింది. ఒకరోజు స్నానానికి వెళ్ళిన అమ్మ ఎంతకీ తిరిగి రాలేదు. శంకరుడు వెతుక్కుంటూ వెళ్ళాడు. మండుటెండలో, దారి మధ్యలో, ఆవిడ సొమ్మసిల్లి పడి ఉంది. తామరాకులతో విసిరి, నీళ్ళు చల్లి సేదతీర్చాడు. మెల్లగా నడిపించుకుంటూ ఇంటికి తెచ్చాడు.

మనమైతే ఆ సాయంత్రం ఏం చేస్తాం? నేనేం చేశానో పైన చెప్పాను కదా. ఇక నదికి వెళ్ళొద్దు, ఇంట్లోనే రెండు చెంబులు పోసుకో అంటాం. ఆవిడ మంచికే అంటాం. ఆవిడ రోజులో ఉన్న ఒక్క సంతోషాన్నీ భద్రత పేరుతో తీసేస్తాం.

శంకరులు అమ్మని ఆపలేదు. నదిని ప్రార్థించారు. మా అమ్మ నీ దాకా నడవలేకపోతోంది, నువ్వే మా ఇంటి దగ్గరికి రా అని వేడుకున్నారు. మర్నాడు తెల్లవారేసరికి పూర్ణానది దారి మార్చుకుని వాళ్ళ ఇంటి పక్కగా, కృష్ణుడి గుడిని ఆనుకుని పారుతోందట. పిల్లవాడు పాదంతో గీసిన గీత వెంట నది వచ్చిందని కూడా ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. కాలడి అంటే మలయాళంలో పాదం అనే అర్థం ఉంది.

ఇది మహిమ అని కొలవడం మన సంప్రదాయం, నేనూ కొలుస్తాను. కానీ మహిమ ఏ వైపు జరిగిందో చూడండి. ఆయన అమ్మ నియమాన్ని మార్చలేదు, అమ్మ ఇంటినీ మార్చలేదు. మధ్యలో అడ్డుపడుతున్న దూరాన్ని మార్చారు. అమ్మ మునుపటిలాగే, తన కాళ్ళ మీద తాను నడిచి వెళ్ళి, తన స్నానం తాను చేసుకుంది.

ఆ రాత్రి లాప్‌టాప్ మూసేసి బాల్కనీలోకి వెళ్ళాను. అమ్మ తులసి దగ్గర కూర్చుని ఉంది. తెనాలి వెళ్ళిపోతావా అని అడిగాను. ఆవిడ ముఖం చూసి నాకు మళ్ళీ అడగాల్సిన అవసరం రాలేదు. మర్నాడు అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను.

మా ఇంట్లో నది అంటే

పంపే ముందు నేను రెండు వారాలు సెలవు పెట్టాను. మొదటి రోజంతా ఏ పనీ చేయించలేదు. ఇంట్లో అమ్మ వెనకే తిరిగాను. ఎక్కడ గోడ పట్టుకుంటోంది, ఎక్కడ వంగుతోంది, ఎక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది, కాగితం మీద రాసుకున్నాను.

బాత్రూంలో రెండు చోట్ల గోడకి స్టీలు కమ్మీలు బిగించాం. ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసేచోట. బట్టలు ఆరేసుకునే కొక్కేలు కావవి, మనిషి బరువు మొత్తం మోసేలా గోడలోకి గట్టిగా దించినవి. స్నానానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ. నున్నటి టైల్స్ తీసి గరుకువి వేయించాం. గడియ లోపలి నుంచి వేసినా బయటి నుంచి తీయగలిగేది పెట్టించాం. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న లైట్లు. గేటు దగ్గర మూడు మెట్లకి రెయిలింగు. పై అటకలో ఉన్న పప్పు డబ్బాలు నడుము ఎత్తుకి దించాం. స్టూలెక్కే పని లేకుండా పోయింది.

డాక్టరుగారి దగ్గరికి అన్ని మాత్రలూ ఒక సంచిలో వేసుకుని వెళ్ళాం. అమ్మ పడిపోయింది నీళ్ళ వల్ల మాత్రమే కాదని అక్కడ తెలిసింది. ఆవిడ వేసుకునే బీపీ మాత్రల వల్ల, పడుకుని చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఆయన డోసు మార్చారు. లేచేముందు మంచం అంచున కాసేపు కూర్చోమన్నారు. కాళ్ళకి బలం రావడానికి కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గోడ దగ్గర నిలబడి మడమలు ఎత్తడం రోజూ చేయమన్నారు. కంటి పరీక్షలో శుక్లం బయటపడింది, ఆపరేషన్ చేయించాం. పెద్దవాళ్ళు పడిపోతున్నారంటే నేల ఒక్కటే చూస్తే సరిపోదండీ. మాత్రలు, కళ్ళు, కాళ్ళ బలం, మూడూ చూడాలి.

గుడి మా ఇంటికి పావు కిలోమీటరు. ఆ గుడిని నేను ఇంటికి తేలేను కదా. మధ్యలో ఒకచోట కూర్చోవడానికి ఏముందా అని చూశాను. కిరాణా కొట్టు ఆయన్ని అడిగితే అరుగు మీద ఎప్పుడూ ఒక కుర్చీ వేసి ఉంచుతానన్నాడు. అంతే, అమ్మ గుడి తిరిగి వచ్చేసింది. కొన్నిసార్లు నది అంటే ఒక ప్లాస్టిక్ కుర్చీ.

దగ్గరికి వచ్చిన నదితో జాగ్రత్త

కథలో ఇంకో చిన్న సంగతి ఉంది. చాలామంది చెప్పరు. ఇంటి పక్కకి వచ్చిన నది మెల్లగా ఒడ్డుని కోయడం మొదలుపెట్టింది. కృష్ణుడి గుడికే ముప్పు వచ్చింది. శంకరులు ఊరు విడిచే ముందు స్వామి విగ్రహాన్ని తీసి, నీరు తాకని చోట తిరిగి ప్రతిష్ఠించారు. కాలడిలో ఇప్పటికీ ఆ కృష్ణుడి గుడికి పూజలు జరుగుతున్నాయి.

అమ్మ కోసం తెచ్చిన మేలు వల్ల కొత్త ఇబ్బంది పుడితే, దాన్నీ తానే సరిచేసి వెళ్ళారు. ఇది నాకు నెల తిరక్కుండానే అర్థమైంది. జారకూడదని నేను పరిచిన మ్యాటు అంచే అమ్మ కాలికి తట్టుకుంది. దేవుడి దయ, పడలేదు. వెళ్ళి ఆ మ్యాట్లన్నీ తీసేశాను. ఒకసారి అన్నీ అమర్చేశాం కదా అని ఊరుకోవడానికి లేదు. మళ్ళీ వెళ్ళి చూడాలి.

మొసలి నోట్లో ఇచ్చిన మాట

శంకరులకి ఎనిమిదేళ్ళ వయసులో సన్యాసం మీద మనసు గట్టిపడింది. తల్లి ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటుంది? భర్త లేడు, వేరే పిల్లలు లేరు. ముసలితనంలో ఎవరు చూస్తారు, పోయాక తలకొరివి ఎవరు పెడతారు?

ఒకరోజు ఇద్దరూ నదికి వెళ్ళారు. పిల్లవాడి కాలిని మొసలి పట్టింది. ఒడ్డు మీద తల్లి గుండెలు బాదుకుంటోంది. చనిపోయే ముందైనా సన్యాసిగా పోనివ్వమని అడిగాడు. వేరే దారి లేక ఒప్పుకుంది. మొసలి వదిలేసింది. ఆ రేవుని కాలడిలో ఇప్పటికీ మొసలి రేవు అనే పిలుస్తారు.

ఈ కథని కొడుకు గెలుపుగా చెప్పేస్తుంటాం. కానీ నీళ్ళలోంచి బయటికి వచ్చాక ఆ తల్లి భయం అలాగే ఉంది. శంకరులు దాన్ని తీసిపారేయలేదు. వేదాంతం చెప్పి దాటవేయలేదు. ఒక్కొక్క భయానికీ ఒక్కొక్క ఏర్పాటు చెప్పారు. తండ్రి ఆస్తి తీసుకునే బంధువులు తిండీ బట్టా చూస్తారని, జబ్బు చేస్తే కనిపెట్టుకుంటారని చెప్పి, వాళ్ళకి అప్పగించారు. ఆఖరికి తన సొంత మాట ఇచ్చారు. పగలైనా రాత్రైనా, తలుచుకుంటే వస్తానని, అంత్యక్రియలు తన చేతులతోనే చేస్తానని.

సన్యాసికి అది కుదరని మాట. సన్యాసం తీసుకున్నవాడికి కర్మలు ఉండవు, తల్లిదండ్రులకి కూడా చేయకూడదు. అది తెలిసే మాట ఇచ్చారు.

తర్వాతి ప్రయాణం మీకు తెలిసిందే. నర్మదా తీరంలో గోవింద భగవత్పాదుల శిష్యరికం, కాశీవాసం, బదరి. బ్రహ్మసూత్రాలకి, ఉపనిషత్తులకి, గీతకి భాష్యాలు. మండన మిశ్రులతో వాదం. శృంగేరిలో శారదా పీఠం. దేశంలో ఆ చివర నుంచి ఈ చివరకి కాలినడకన తిరిగారు. మన భాషలో చెప్పాలంటే ఆయనంత బిజీగా ఉన్నవాళ్ళు ఇంకొకరు లేరు.

శృంగేరి నుంచి కాలడికి

శృంగేరిలో ఉండగా తల్లికి అంత్యకాలం వచ్చిందని ఆయనకి తెలిసింది. నాలుక మీద తల్లిపాల రుచి తగిలిందని, దాంతో అమ్మ తలుచుకుంటోందని గ్రహించారని పెద్దలు చెబుతారు. చేస్తున్న పని చేస్తున్నట్టే విడిచి వచ్చేశారు.

అమ్మ మంచంలో ఉంది. కొడుకుని చూడగానే బాధంతా మరిచిపోయింది. మంచి మాట చెప్పమంది. ఆయన తనకి తెలిసిన వాటిలో అన్నిటికన్నా గొప్పదే చెప్పారు. రూపం లేని, గుణాలు లేని బ్రహ్మం గురించి చెప్పారు. ఆవిడ మనసు అందులో నిలవలేదు. నాకు అందేదేదో చెప్పు నాయనా అన్నట్టు అడిగింది.

అద్వైతాన్ని దేశమంతా నిలబెట్టిన మనిషండీ. తల్లి దగ్గర మాత్రం వాదించలేదు. వెంటనే శివుణ్ణి స్తుతించారు. శివదూతలు వచ్చారు. శూలాలు, ఆ వేషాలు చూసి ఆవిడ భయపడింది, వాళ్ళతో వెళ్ళనంది. సరే అని వాళ్ళని పంపేసి విష్ణువుని స్తుతించారు. విష్ణుదూతలు వచ్చారు. ఆవిడ ఎప్పటినుంచో కొలిచింది కృష్ణుణ్ణే కదా. ప్రశాంతంగా వాళ్ళతో వెళ్ళిపోయింది.

రెండుసార్లు మార్చారు చూడండి. తనకి ఇష్టమైనది ఇవ్వడం ఆపి, ఆవిడకి కావలసినది దొరికేదాకా మార్చారు. నేను అమ్మకి చేతి గడియారం లాంటి ఖరీదైన వస్తువు ఒకటి కొన్నాను, పడిపోతే నాకు మెసేజ్ వస్తుంది. ఆవిడ దాన్ని డబ్బాలో పెట్టేసింది. కోపం వచ్చింది నాకు. తర్వాత అడిగితే చెప్పింది, స్నానానికి తీయాలి, ఛార్జింగు పెట్టాలి, నాన్నగారు కొన్న గాజులకి అడ్డం వస్తోందట. ఇప్పుడు వేరే ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున్న 7 లోపు అమ్మ ముగ్గు పడకపోతే ఎదురింటి పిన్నిగారు తలుపు తడతారు. మెడలో వేసుకునే చిన్న సంచిలో మామూలు బటన్ల ఫోను ఉంటుంది, ఒక్క బటన్ నొక్కితే నాకు మోగుతుంది. స్నానానికి వెళ్ళినా తలుపు కొక్కేనికి అందేటట్టు వేలాడదీస్తుంది. అమ్మకి అందిన దేవుడు అదే.

ముందుకు రాని బంధువులు

ఆర్యాంబ పోయాక జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. ఆస్తి తీసుకున్న బంధువులు సాయానికి రాలేదు. సన్యాసి కర్మ చేయడమేమిటని తప్పుపట్టారు. మోయడానికి మనుషులు రాలేదు. నిప్పు కూడా ఇవ్వలేదు. శంకరులు ఎండుకట్టెలు తానే పేర్చుకుని, ఇంటి ఆవరణలోనే చితి చేసి, తల్లి కుడిచేతి నుంచి అగ్ని పుట్టించి దహనం చేశారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు.

తల్లి కోసం ఆయన చెప్పారనే అయిదు శ్లోకాలు మాతృపంచకం పేరుతో ప్రసిద్ధి. అందులో వాదం లేదు, సిద్ధాంతం లేదు. అమ్మకి చేయవలసినవి చేయలేకపోయిన ఒక కొడుకు దుఃఖం ఉంది. మాట నిలబెట్టుకున్న మనిషికే అంత దుఃఖం మిగిలితే, ఇక మన సంగతేమిటి? కాబట్టి మీలో ఎవరికైనా దూరంగా ఉన్నామన్న తప్పుభావం ఉంటే, అది ఉన్నంత మాత్రాన మీరు చెడ్డ పిల్లలు కారు. ప్రేమ ఉన్నచోట అది కొంత ఉంటుంది.

ఆ బంధువుల సంగతి నుంచి మనం నేర్చుకోవలసింది కూడా ఉంది. ఆస్తి ఇచ్చినంత మాత్రాన ఆసరా దొరకదు. ఇప్పుడు మనకి 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. చూసుకుంటామనే షరతు మీద పెద్దవాళ్ళు ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవాళ్ళు చూడకపోతే, ఆ చట్టంలోని 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కి వెళ్ళి ఆ దస్తావేజుని రద్దు చేయించుకోవచ్చు. అందుకే షరతు కాగితం మీద స్పష్టంగా ఉండాలి. సలహా కావాలన్నా, ఎవరైనా పెద్దవాళ్ళు ఇబ్బందిలో కనిపించినా 14567 అనే ఎల్డర్ లైన్ నంబరుకి ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అమ్మ ఫోనులో ఆ నంబరు కూడా వేసి ఉంచండి. ఇంటి కాగితాలు, పెన్షన్, బ్యాంకు ఖాతా ఆవిడ పేరు మీద, ఆవిడ చేతిలో ఉండనివ్వండి. సొంత ఇంట్లో ఉండటమంటే ఇటుకలు, సున్నం మాత్రమే కాదు, సొంత నిర్ణయం కూడా.

కాలడిలో ఆవిడ ఇంకా ఉంది

శంకరులు 32 ఏళ్ళకే దేహం చాలించారని సంప్రదాయం. ఎన్నో శతాబ్దాలు కాలడి మరుగున పడిపోయింది. శృంగేరి 33వ పీఠాధిపతులు శ్రీ సచ్చిదానంద శివాభినవ నృసింహ భారతీ స్వామివారు ఆ చోటుని గుర్తించి, 1910లో అక్కడ శారదాదేవికి, శంకరులకి గుడులు ప్రతిష్ఠించారు. ఆ ప్రాంగణంలోనే ఆర్యాంబని దహనం చేసిన చోటు ఉంది. యాత్రికులు అక్కడ దీపం చూసి, నాలుగడుగులు వేసి నదిలోకి దిగుతారు. నది ఇప్పటికీ పక్కనే పారుతోంది.

మా అమ్మ తెనాలి వెళ్ళి అయిదు నెలలైంది. పోయిన కిలోల్లో మూడు తిరిగి వచ్చాయి. శనివారాలు ప్రవచనానికి వెళ్తోంది. నెలకి రెండుసార్లు నేను రైలెక్కుతున్నాను. వెళ్ళినప్పుడల్లా కమ్మీలు లాగి చూస్తాను, మాత్రల డబ్బా చూస్తాను, తర్వాత ఆవిడ పెట్టిన అన్నం తింటాను.

భయం పోయిందా అంటే పోలేదండీ. రాత్రి ఫోను మోగితే గుండె జల్లుమంటుంది. ఆవిడ మళ్ళీ పడవచ్చు. ఒక్కతే ఉండలేని రోజు కూడా రావచ్చు. అందరి అమ్మానాన్నలకీ ఒంటరిగా ఉండటం కుదరదు, మతిమరుపు ముదిరినా, మంచం పట్టినా పక్కన మనిషి ఉండి తీరాలి. ఆ రోజు వస్తే ఏం చేయాలో ఇద్దరం ఇప్పుడే మాట్లాడి పెట్టుకున్నాం. ఆ మాట కూడా అమ్మే మొదలుపెట్టింది. తలుచుకుంటే వస్తానని నేనూ మాట ఇచ్చాను. నాకు మహిమలు లేవు, తెనాలికి రైలు ఉంది.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. అమ్మకో నాన్నకో ఫోన్ చేసి, జాగ్రత్తలు చెప్పకుండా ఒకటే అడగండి. రోజూ చేయాలని ఉండి, ఈ మధ్య చేయలేక మానేసిన పని ఏదైనా ఉందా అని. వాళ్ళు చెప్పేదే మీ పూర్ణానది. దాన్ని వాళ్ళ గడప దాకా ఎలా తేవాలో అక్కడి నుంచి ఆలోచించండి.

శ్రీ శంకర భగవత్పాదులకీ, ఆయన్ని కన్న ఆర్యాంబకీ నమస్కారం. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. శుభం.